లైలా తనేనని ఆమెకు తెలుసు

తమ్ముడికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనాలయ్యాక, రెండోసారి తెల్లవారుజామున పెన్సిల్ పట్టుకుని. బస్టాండులో వాన పడుతుంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడతారు చూడు, గొడుగు ఎవరు పట్టుకోవాలో తేలక ఇద్దరూ పట్టుకుంటారు, అక్కడ నా పెన్సిల్ ఆగిపోయింది. ఆ పేరా చాలా బాగుంది. నీకు రాయడం వచ్చు. ఆ విషయంలో ఇక అనుమానం పెట్టుకోకు.

కానీ కథతో పాటు పెట్టిన ఉత్తరంలో నువ్వు అడిగింది వేరే. "అక్కా, ఇది నిజంగా జరిగిందే. ఆ అమ్మాయికి పెళ్లయిపోయింది. పేరు మార్చాను కదా, పత్రికకు పంపొచ్చా?" అన్నావు. ఒక్క మాటలో తేల్చేసే విషయం కాదిది. వారం రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాత రాక్ పాటలు వింటూ రాస్తానని నువ్వే చెప్పావు కాబట్టి, నీకు తెలిసిన పాటతోనే చెప్తాను. 'లైలా' పాట. ఇంగ్లండ్ గిటారిస్ట్, గాయకుడు ఎరిక్ క్లాప్టన్‌ది.

ఆ పాట నేను మొదటిసారి విన్నది మా చిన్నోడు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న క్యాసెట్‌లో. ఇంగ్లిష్ పాట, ఆ అరుపుల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లైలా అన్న పేరు మాత్రం చెవిన పడింది. వంటింట్లో ఉన్న అమ్మకీ పడింది. "లైలా అంటున్నాడేంట్రా, మన లైలాయేనా?" అంది. 1949లో భరణీ వాళ్లు తీసిన లైలా మజ్ను సినిమా, భానుమతి, నాగేశ్వరరావు నటించింది, అమ్మ చిన్నప్పుడు చూసింది. ఎక్కడో అరేబియా ఎడారి కథ మనకి అంత సొంతమైపోయింది. ఇద్దరు కాస్త కలిసి కనబడితే "లైలా మజ్నూల్లా తిరుగుతున్నారు" అనేస్తాం. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అవును, మన లైలాయే. కానీ ఆ పేరు కింద ఇంకో మనిషి ఉంది.

ఆమె పేరు ప్యాటీ బాయిడ్. లండన్‌లో మోడల్. 1964లో బీటిల్స్ బృందం సినిమా షూటింగ్‌లో చిన్న వేషం వేయడానికి వెళ్లి, ఆ బృందంలోని గిటారిస్ట్ జార్జ్ హారిసన్‌ని కలిసింది. 1966 జనవరిలో వాళ్ల పెళ్లయింది. క్లాప్టన్, జార్జ్ మంచి స్నేహితులు. ఎంత మంచి స్నేహితులంటే, 1968లో బీటిల్స్ పాటలో జార్జ్ అడిగితే క్లాప్టన్ వచ్చి గిటార్ వాయించాడు. మరుసటి ఏడాది వసంతకాలంలో క్లాప్టన్ ఇంటి తోటలో కూర్చుని జార్జ్ తన పాటల్లో చాలామందికి ఇష్టమైన పాటొకటి రాసుకున్నాడు. అలాంటి స్నేహితుడి భార్య మీద క్లాప్టన్‌కి మనసైంది.

మొదట ఏం చేశాడో తెలుసా? ఉత్తరం రాశాడు. చాలా చిన్న చిన్న అక్షరాలతో, కింద 'ఇ' అని ఒక్క అక్షరం సంతకం. ప్యాటీకి అదెవరు రాశారో తెలియలేదు. ఎవరో పిచ్చి అభిమాని అనుకుని, ఆ ఉత్తరం తీసుకెళ్లి జార్జ్‌కే చూపించింది. ఆ తర్వాత క్లాప్టన్ ఫోన్ చేసి, నా ఉత్తరం అందిందా అని అడిగితే గానీ ఆమెకి సంగతి తెలియలేదు. ఇదంతా ఆమే 2007లో తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకుంది. నేను ఆ భాగం చదివి చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషి ప్రాణం పెట్టి రాసిన మాటలు అవతలి మనిషికి ఎవరో ముక్కూమొహం తెలియనివాడి రాతలా అనిపించాయి.

అప్పుడే ఒక స్నేహితుడు, ఇయన్ డాలస్ అని, ఇస్లాంలోకి మారినవాడు, క్లాప్టన్‌కి నిజామీ రాసిన లైలా మజ్నూన్ కథ చెప్పి, పుస్తకం చేతికిచ్చాడు. నిజామీ పన్నెండో శతాబ్దపు పారశీక కవి, ఇప్పటి అజర్‌బైజాన్‌లో ఉన్న గంజ ఊరివాడు. 1188లో ఆ కావ్యం పూర్తి చేశాడు. ఆయన సొంతంగా పుట్టించిన కథ కాదది. అరబ్బుల మధ్య ఎప్పటినుంచో నోటా నోటా తిరిగిన, మజ్నూన్ అని పేరుపడ్డ ఖైస్ అనే కుర్రాడి కథ. రాజు రాయమని అడిగితే, నిజామీ మొదట వెనకాడాడట. తోటలు లేవు, విందులు లేవు, ఎటు చూసినా ఇసుక, రాళ్లు, ఇందులో నేను ఏం అలంకరించేది అని కావ్యం మొదట్లోనే చెప్పుకున్నాడు. తీరా కూర్చున్నాక నాలుగు నెలలు నిండకుండానే నాలుగు వేల పైచిలుకు ద్విపదలు రాసి ముగించాడు.

క్లాప్టన్‌కి ఆ కథలో తన ముఖం కనబడింది. కావలసిన మనిషి వేరొకరి ఇల్లాలు. ఇవతల ఒకడు మతి చెడి తిరుగుతున్నాడు. మజ్నూన్ అంటేనే పిచ్చివాడు అని. అంతదాకా క్లాప్టన్‌కి తన బాధ తన ఒక్కడిదే. ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఒకరు దీన్ని రాసి పెట్టారని తెలియగానే ఆ బాధకి ఒక ఆకారం దొరికింది. పేరు దొరికింది. లైలా పాట ఉన్న ఆల్బమ్‌లోనే ఇంకో పాట ఉంది, దాని రచన దగ్గర క్లాప్టన్ పేరుతో పాటు నిజామీ పేరు కూడా వేశారు. ఎనిమిది శతాబ్దాల కిందటి కవికి రాక్ ఆల్బమ్ మీద చోటు దక్కింది. అది నాకు ఎంతో నచ్చిన విషయం.

ఇక్కడ నీ కథ పక్కన పెట్టి చూడు. నీ కథలో జరిగినది జరిగినట్టు ఉంది, తారీఖులతో సహా. నిజమే, అవన్నీ నీకు ప్రాణం. చదివేవాడికి మాత్రం అది నీ డైరీ. నువ్వు బాధపడ్డావని తెలుస్తుంది, ఆ బాధ వాడిది కాదు. క్లాప్టన్ ఆ పాటకి ప్యాటీ అని పేరు పెట్టి ఉంటే అది ఇద్దరు ముగ్గురి గొడవగా మిగిలిపోయేది. లైలా అనేసరికి మా అమ్మ వంటింట్లోంచి తలెత్తింది. పాత కథని వాడుకోమని నేను చెప్పడం లేదు. నీ కథ నిలబడటానికి నీకంటే పెద్దది ఏదో ఒకటి దాని వెనుక ఉండాలి. అది ఊరు కావచ్చు, కరువు కావచ్చు, మీ అమ్మమ్మ చెప్పిన కథ కావచ్చు. ఆ బస్టాండు గురించే ఇంకాస్త రాస్తే అదే కావచ్చు.

ఇప్పుడు అమెరికాలోని మయామీ సంగతి చెప్తాను, ఎందుకంటే పాట పాటైంది అక్కడే.

క్లాప్టన్ అప్పటికి పెద్ద పేరున్నవాడు. ఆ పేరు మీద విసుగు పుట్టి డెరెక్ అండ్ ది డొమినోస్ అని ఒక బృందం కట్టి అందులో ఒకడిగా ఉండిపోయాడు. బాబీ విట్‌లాక్, కార్ల్ రేడిల్, జిమ్ గోర్డన్ మిగతా ముగ్గురు. వీళ్లంతా 1970లో జార్జ్ హారిసన్ సొంత ఆల్బమ్ రికార్డింగ్‌లో వాయిస్తూ దగ్గరైనవాళ్లే. అంటే ఎవరి భార్య కోసం ఈ పాట పుట్టిందో, ఆయన దగ్గర పనిచేస్తూనే ఈ బృందం కుదురుకుంది. జీవితం అలాగే ఉంటుంది, కథలో రాస్తే నమ్మరు.

ఆ ఆగస్టు చివర మయామీలో క్రైటీరియా స్టూడియోలో రికార్డింగ్ మొదలుపెట్టారు. నిర్మాత టామ్ డౌడ్. ఆగస్టు 26న ఆ ఊళ్లోనే ఆల్‌మన్ బ్రదర్స్ అనే బృందం కచేరీ ఉందని తెలిసి వీళ్లంతా వెళ్లారు. అక్కడ ఆ బృందం గిటారిస్ట్ డువేన్ ఆల్‌మన్ వాయించడం చూసి క్లాప్టన్ మైమరచిపోయాడు. కచేరీ అయ్యాక ఆయన్ని స్టూడియోకి తీసుకొచ్చారు. డువేన్ వయసు అప్పటికి ఇరవై మూడు. ఎడమ చేతి వేలికి జలుబు మాత్రల ఖాళీ గాజుసీసా తొడుక్కుని, దాన్ని తీగల మీద జార్చి వాయించేవాడు. అంతకు ముందెప్పుడో జలుబు చేసి పడుకున్నప్పుడు చేతికందిన సీసా అది. మందు అయిపోయింది, సీసా మిగిలింది. ఆ సీసా శబ్దమే పాట చివర పిట్ట కూసినట్టు వినిపిస్తుంది.

క్లాప్టన్ తెచ్చిన లైలా నెమ్మదైన పాట. జోలపాటలా కాకపోయినా, దుఃఖంలో మెల్లగా సాగే పాట. డువేన్ విన్నాడు. ఆల్బర్ట్ కింగ్ అనే అమెరికన్ గాయకుడు పాడిన ఒక బ్లూస్ పాటలో, నువ్వు నన్ను వదిలేసి పోతే నేనేం చేయగలను అని సాగే వరుస ఒకటి ఉంది. ఆ గొంతు పాడిన వరుసని తీసుకుని, వేగం పెంచి, గిటార్ మీద వాయించాడు. అంతే. నువ్వు హెడ్‌ఫోన్స్‌లో వినే ఆ మొదటి మోత అదే. ఏడుస్తున్న పాట కేకలు పెట్టే పాటైపోయింది. ఆ గిటార్లే ఆరు ట్రాకులు, ఒకదాని మీద ఒకటి.

ఈసారి వినేటప్పుడు ఇంకొకటి గమనించు. చరణం దగ్గర గొంతు కాస్త కిందకి దిగుతుంది, మర్యాదగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. లైలా అని పిలిచే చోటుకి రాగానే శ్రుతి అర స్వరం పైకి జరుగుతుంది. అర స్వరమే. అంత చిన్న ఎత్తుకే మనిషి నిభాయించుకోలేకపోయాడని మనకి తెలిసిపోతుంది. కథలో కూడా పెద్ద పెద్ద ఏడుపులు అక్కర్లేదు. నీ గొడుగు పేరాలో నువ్వు చేసింది అదే, తెలియకుండానే చేశావు.

నువ్వు నీ కథ ఎవరికీ చూపించలేదని రాశావు. సిగ్గు అన్నావు. క్లాప్టన్ కూడా సిగ్గుపడి ఆ నెమ్మది పాటని అలాగే రికార్డు చేసుకుని ఉంటే ఈ రోజు మనం దాని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. నీ బాధ నీకు బాగా తెలుసు, నిజమే. అదెలా వినిపిస్తోందో మాత్రం పక్కనున్నవాడికే తెలుస్తుంది. నీ కంటే బాగా చదువుకున్న స్నేహితుడికి ఒకడికి చూపించు. వాడు ఒక వాక్యం మార్చమంటే కోపం తెచ్చుకోకు.

అలా తీసుకున్న సాయం ఎవరిదో చెప్పడం కూడా నేర్చుకో. పాట చివర మూడు నిమిషాలకు పైగా సాగే పియానో భాగం ఉంది కదా, అది తర్వాత చేర్చింది. పాట మీద క్లాప్టన్‌తో పాటు జిమ్ గోర్డన్ పేరు ఉంటుంది, ఆ పియానో వరుస ఆయనదని. కానీ రీటా కూలిడ్జ్ అనే గాయని అది తానూ గోర్డన్ కలిసి కట్టిన వరుస అని, తన పేరు వేయలేదని తన ఆత్మకథలో రాసింది. బృందంలోనే ఉన్న విట్‌లాక్ కూడా ఆమె మాటే నిజమన్నాడు. ఇన్నేళ్లుగా ఆ పియానో ఎక్కడ వినిపించినా ఆమె ఏమనుకుని ఉంటుందో ఆలోచించు. ఎవరైనా నీకు ఒక మంచి వాక్యం ఇస్తే, అది వాళ్లదని చెప్పు.

ఇక అసలు సంగతికి వస్తాను.

లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ అని ఒక పేట. అక్కడ ఒక ఫ్లాట్‌లో క్లాప్టన్ ప్యాటీని రహస్యంగా కలిశాడు. కొత్త పాట ఒకటి చేశాను, విను అన్నాడు. టేప్ మెషీన్ పెట్టి, సౌండ్ పెంచి, ఆ పాట వినిపించాడు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. పాట మోగుతున్నంతసేపూ ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు, ఏమంటుందో అని.

అంత గొప్ప పాట, అంతగా కదిలించిన పాట తను అంతకుముందు వినలేదని ఆమె రాసింది. అయితే ఆమెకి మొట్టమొదట వచ్చిన ఆలోచన అది కాదు. ఇది నా గురించేనని అందరికీ తెలిసిపోతుంది, అయ్యో దేవుడా అన్నదే మొదట వచ్చింది. మెచ్చుకోలు కంటే ముందు భయం.

తమ్ముడూ, ఆ వాక్యం చదివినప్పుడు నేను ఒక్కసారిగా మా హాస్టల్ మెస్‌లోకి వెళ్లిపోయాను. నేను ఇంతవరకు ఎక్కడా రాయని విషయం నీకు చెప్తాను.

డిగ్రీ రెండో ఏడు. పొద్దున ఉప్మా కోసం ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. ముందున్న అమ్మాయి ఒక వారపత్రిక మడిచి పట్టుకుని కథ పైకి చదువుతోంది. రాసింది మా క్లాసు కుర్రాడే, మొదటి కథ అచ్చయిందని అందరికీ సంబరం. కథలో అమ్మాయి పేరు నా పేరు కాదు. వేరే ఊరు, వేరే కాలేజీ. చదువుతూ చదువుతూ, ఆ అమ్మాయి కుడి మణికట్టు మీద మచ్చ దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు అప్పడాలు వేయిస్తుంటే నూనె చింది పడిన మచ్చ, మామిడి పిందె ఆకారంలో ఉంటుందని, ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆ మచ్చ మీద పెన్ను మూత రుద్దుకుంటుందని రాశాడు. చదువుతున్న అమ్మాయి గొంతు తగ్గించింది. లైన్లో అందరూ నా చేతి వైపు చూశారు. ప్లేటు ఆ చేతిలోనే ఉంది. దాచుకోవడానికి లేదు.

ఆ కుర్రాడితో నాకు పట్టుమని పది మాటలు లేవు. కథలో నన్ను ఒక్క మాట తప్పుగా అనలేదు, దేవతలా రాశాడు. బాగా రాశాడు కూడా, అది ఒప్పుకోవాలి. కానీ నెల తిరగకుండా ఆ పత్రిక మా ఊరు చేరింది. నాన్న వచ్చి హాస్టల్ ఖాళీ చేయించారు. ఒక ఏడాది చదువు ఆగింది. మళ్లీ కాలేజీకి వెళ్లడానికి అమ్మ ఎంత పోరాడిందో నాకే తెలుసు. ఆ ఏడాదంతా నేను వేసవిలో కూడా నిండు చేతుల జాకెట్టు వేసుకున్నాను.

ఇందులో దాచాల్సింది ఇంకొకటి ఉంది, నీ దగ్గర దాచను. ఆ పత్రిక కాపీ ఒకటి నా ట్రంకుపెట్టె అడుగున చాలా ఏళ్లు ఉంది. ఎవరూ లేనప్పుడు తీసి చదువుకున్నాను. నా మచ్చని ఒకరు అంత శ్రద్ధగా చూశారన్న సంతోషం, దాని వల్లే నా చదువు పోయిందన్న కోపం, రెండూ ఒకేచోట ఉండేవి. ప్యాటీ కూడా అలాగే రాసింది. భయపడ్డానని, ఆ పాట ముందు చివరికి ఓడిపోయానని, రెండూ రాసింది. అందుకే నీ కథ వద్దు, పారేయ్ అని నేను చెప్పలేను.

పాట విన్న రోజు రాత్రే వాళ్లందరికీ తెలిసిన ఒకాయన ఇంట్లో పార్టీ. తెల్లవారబోతుండగా తోటలో ప్యాటీ, క్లాప్టన్ కనబడితే జార్జ్ వచ్చి ఏం జరుగుతోందని అడిగాడు. క్లాప్టన్ ఉన్నమాట చెప్పేశాడు, నీ భార్యని ప్రేమిస్తున్నానని. జార్జ్ ప్యాటీ వైపు తిరిగి, నాతో వస్తావా, అతనితో వెళ్తావా అన్నాడు. ఆమె భర్తతో ఇంటికి వెళ్లింది. క్లాప్టన్ హెరాయిన్‌లో పడి దాదాపు మూడేళ్ల పాటు ఎక్కువగా ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ సంగతి ఆయన కూడా తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు.

ఇప్పుడు పాటని నా కళ్లతో ఒకసారి చూడు. ఆ పాటంతా వెతుకు. ఆమె కళ్ల రంగు లేదు. జుట్టు లేదు, చీర కాదు గౌను కాదు, నడక లేదు, ఊరు లేదు. ఆమెని గుర్తుపట్టే గుర్తు ఒక్కటీ లేదు. ఉన్నదంతా అతని పరిస్థితే. మోకాళ్ల మీద కూర్చుని బతిమాలుతున్నాడు, మతి పోతోంది కాస్త ఊరట ఇవ్వమంటున్నాడు. దీపం మొత్తం తన ముఖం మీదే పెట్టుకున్నాడు. అందుకే అది ఇన్ని కోట్ల మంది పాట అయింది. అయినా ఒకచోట జారాడు. నీ భర్త నిన్ను నిరాశపరిచినప్పుడు నేను ఓదార్చబోయాను అన్నట్టు ఒక మాట ఉంది. అది ఆమె ఇంటి విషయం. ఆమె తరఫున చెప్పే హక్కు అతనికి లేదు.

నీ కథకి వస్తే, పేరు మార్చావు, సరే. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంచావు. గాంధీ బొమ్మ దగ్గర వాళ్ల నాన్నకి ఎరువుల కొట్టు ఉందని రాశావు. వాళ్ల అన్నయ్య నల్ల బుల్లెట్ రాశావు. మీ ఊళ్లో ఈ మూడూ కలిపి ఎన్ని ఇళ్లకి సరిపోతాయి? ఒక్క ఇంటికే కదా. ఆ కొత్త పేరు ఎవరినీ కాపాడదు. వాళ్ల అత్తగారింట్లో ఎవరో ఒకరు పత్రిక మడిచి పట్టుకుని పైకి చదువుతారు. ఆమె చేతిలో ఆ టైమ్‌కి ఏ పళ్లెం ఉంటుందో మనకి తెలియదు. ఆ మూడూ తీసెయ్. కథకి వాటితో పని లేదు, నేను పెన్సిల్‌తో కొట్టేసి చదివి చూశాను, ఏమీ తగ్గలేదు.

చివరి పేరా కూడా. పెళ్లి పీటల మీద ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయని, అవి నాకోసమేనని రాశావు. నీకెలా తెలుసు? నువ్వు పందిట్లో చివరి వరసలో కూర్చున్నానని నువ్వే రాశావు. హోమం పొగ కావచ్చు. వాళ్లమ్మని వదిలి వెళ్తున్నందుకు కావచ్చు. సంతోషం కూడా కావచ్చు. ఆ కన్నీళ్లు నీవని రాసుకునే అధికారం నీకు లేదు. నీ కళ్లలో నీళ్లు వచ్చాయా? వస్తే అవి రాయి. రాకపోతే ఎందుకు రాలేదో రాయి, అది ఇంకా మంచి కథ అవుతుంది.

నిజామీ ఈ విషయం ఎప్పుడో గ్రహించాడు. ఆయన కావ్యంలో మజ్నూన్ ఒక్కడే మాట్లాడడు. లైలా కూడా కవిత్వం చెప్తుంది. చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి గాలికి వదిలేస్తుంది. అతను కొండలెక్కి తన బాధ గొంతెత్తి చెప్పుకోగలడు, నేను నాలుగు గోడల మధ్య ఎవరికీ చెప్పుకోలేను అని ఆమె దుఃఖం. పన్నెండో శతాబ్దంలో ఒక మగ కవి ఆమె కోసం ఆ చోటు ఉంచాడు. మన లైలా మజ్నూ కథల్లో మజ్నూ గడ్డం గుర్తుంటుంది, ఆ కాగితం ముక్కలు గుర్తుండవు. నువ్వు ఆ కాగితం ముక్కల గురించి ఆలోచించు.

ప్యాటీ తన కాగితాలు చాలా ఆలస్యంగా రాసింది. జార్జ్ దగ్గర్నుంచి 1974లో వచ్చేసింది, 1979లో క్లాప్టన్‌ని పెళ్లి చేసుకుంది. పాత కథలో లైలా, మజ్నూన్ కలవరు. వీళ్లు కలిశారు, కలిసి నిలవలేకపోయారు. తాగుడు, పరాయి సంబంధాలు, 1989లో విడాకులు. ఇదంతా పాటలో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ ఆమె పుస్తకం చదివాక నాకు ఆ పాట వినపడే తీరు మారిపోయింది. మోకాళ్ల మీద కూర్చున్న మనిషి మాత్రమే కాదు, టేప్ మెషీన్ ఎదురుగా చేతులు ముడుచుకుని కూర్చున్న ఆమె కూడా కనబడుతోంది. 2024 మార్చిలో ఆమె తన దగ్గరున్న వస్తువులు లండన్‌లో క్రిస్టీస్ వేలానికి పెట్టింది. ఆ ఆల్బమ్ అట్ట మీద బొమ్మకి మూలమైన పెయింటింగ్ దాదాపు 20 లక్షల పౌండ్లకు పోయింది. పూలగుత్తితో ఉన్న అమ్మాయి బొమ్మ అది. ఆమెకి క్లాప్టన్ రాసిన ఉత్తరాలూ అమ్మేసింది. ఎనభయ్యో ఏట తన కథలో తన వాటా తను తేల్చుకుంది. నాకు అది చాలా నచ్చింది.

తొందరపడుతున్నావని కూడా నీ ఉత్తరంలో తెలుస్తోంది. సంక్రాంతి సంచిక గడువు అన్నావు. ఆల్బమ్ 1970 నవంబరులో వస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది పాటని కత్తిరించి రెండున్నర, మూడు నిమిషాల సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వేశారు, అదీ సాగలేదు. 1972లో మళ్లీ, ఈసారి పియానో భాగంతో సహా పూర్తిగా ఏడు నిమిషాల పాట వేస్తే, అమెరికాలో పదో స్థానానికి, బ్రిటన్‌లో ఏడో స్థానానికి వెళ్లింది. అప్పటికి డువేన్ లేడు. 1971 అక్టోబరులో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్లకి. బృందమూ విడిపోయింది. మళ్లీ 1992లో క్లాప్టన్ అదే పాటని మామూలు గిటార్ మీద కూర్చుని నెమ్మదిగా పాడాడు. మయామీకి రాకముందు ఆ పాట ఎలా ఉండేదో దాదాపు అక్కడికే మళ్లీ వచ్చాడనిపిస్తుంది నాకు. ఆ నెమ్మది పాటకి గ్రామీ అవార్డు వచ్చింది. ఒక్క పాటని ఇరవై రెండేళ్ల తర్వాత కూడా మళ్లీ రాయొచ్చు. సంక్రాంతికి కాకపోతే ఉగాదికి పంపు.

వీలైతే ఆ అమ్మాయికి, తనని ఇబ్బంది పెట్టకుండా తెలియజేసే దారి ఉంటే, చదవమని పంపు. లేకపోతే పంపకు, బలవంతం లేదు. ఏది చేసినా, కథ రాసేటప్పుడు ఆమె నీ ఎదురుగా కూర్చుని వింటోందనుకో. కానీ ఆమె ముఖంలోకి చూడొద్దు. నీ కాగితం చూసుకో.

నా పెన్సిల్ గుర్తులతో నీ కాపీ తిరిగి పంపుతున్నాను. గొడుగు పేరా మాత్రం ముట్టుకోలేదు, నువ్వూ ముట్టుకోకు. ఒక్కటే అడగాలి. ఆ గొడుగు ఎవరిది, నీదా, ఆ అమ్మాయిదా? వాన తగ్గాక ఎవరింటికి వెళ్లింది? కథలో ఎక్కడా లేదు. అది రాసి పంపు.

నీ
అక్క